ఇరవై ఏడో పేజీ

శనివారం పొద్దున ఏడున్నర. సిటీ శివారు టార్నీట్‌లోని ఒక ఇంట్లో ఉప్మాకి పోపు వేగుతోంది. సుగుణ ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో ఫోన్‌లో కూతురు ఎక్కడుందో చూసుకుంటోంది. కూతురు లిఖిత మేడ మీద బాత్రూంలోనే ఉంది. షవర్ చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా చూసింది. ఆ మ్యాపులో నీలం చుక్క తమ ఇంటి మీద నిలబడి ఉంటే ఆమెకి అదొక ధైర్యం.

లిఖితకి పంతొమ్మిదేళ్ళు. యూనివర్సిటీలో రెండో సంవత్సరం. నాలుగు వారాలుగా ప్రతి శనివారం పొద్దున్నే బయల్దేరి, సాయంత్రానికి అలిసిపోయి వస్తోంది.

"ఉప్మా తినేసి వెళ్ళు" అంది సుగుణ, కూతురు మెట్లు దిగుతుండగానే.

"టైమ్ లేదమ్మా. ట్రైన్ మిస్ అవుతాను. యూని లైబ్రరీలో గ్రూప్ అసైన్‌మెంట్ ఉంది."

"పోయిన శనివారం కూడా అదే అసైన్‌మెంటుగా?"

"సేమ్ అసైన్‌మెంట్. ఇంకా అవలేదు."

"నీ బ్యాగు ఏదోలా వాసనొస్తోందే. ముక్కిపోయిన వాసన. పోయిన వారం నీ చొక్కా చేతులకి గోధుమరంగు పొడి అంటుకుని ఉంది."

"అమ్మా, ప్లీజ్. డోంట్ స్టార్ట్." లిఖిత ఒక అరటిపండు తీసుకుని వెళ్ళిపోయింది.

బల్ల దగ్గర కూర్చున్న భర్త ప్రశాంత్ క్రికెట్ స్కోరు మీంచి తల ఎత్తలేదు. "వెళ్ళనీయవే. చదువుకోడానికేగా."

అరగంటలో మిగతా వంట ముగించి సుగుణ స్టవ్ ఆపి, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టిన కూరల చీటీ తీసి, వెనక్కి తిప్పి భర్త ముందు పెట్టింది. నిన్న సాయంత్రం లిఖిత ఫోన్ చార్జింగులో ఉండగా ఒక మెసేజి వెలిగింది. మరిచిపోతానేమోనని సుగుణ దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుంది. ప్రశాంత్ పైకి చదివాడు.

"ఫౌండ్ అనదర్ వన్. కమ్ సాటర్‌డే. యువర్ మమ్ స్టిల్ డజంట్ నో? గ్రాహమ్." కళ్ళజోడు సర్దుకున్నాడు. "గ్రాహమ్ ఎవరు?"

"అదే నేనడిగేది. ఇంకొకటి దొరికిందట. ఏం దొరికింది? నాకు తెలీకూడదట. డ్రగ్సేనండీ. ఆ వాసన అదే."

"డ్రగ్స్ వాసన నీకెలా తెలుసు?"

"నాకు తెలీదు. తెలీని వాసన కాబట్టే అంటున్నా."

ప్రశాంత్ నవ్వబోయి, ఆమె చాచిన ఫోన్ చూసి ఆగిపోయాడు. యూని ఉన్నది సిటీ వైపు. నీలం చుక్క అటు కాకుండా జీలాంగ్ వైపు పోతోంది. పోయిన వారం కూడా ఇలాగే కోలాక్ అనే ఊళ్ళో కనిపిస్తే, ఫోన్ తప్పు చూపిస్తోందని అంది లిఖిత. సుగుణ నమ్మినట్టు నటించింది. కానీ ఆ రోజునుంచీ అన్నం సహించడం లేదు.

పది నిమిషాల్లో ఇద్దరూ కార్లో ఉన్నారు. ఫ్రీవే ఎక్కగానే సుగుణ అడిగింది. "స్టవ్ ఆపానా?"

"మూడుసార్లు చూసొచ్చావు. ఇంకోసారి వెళ్ళి తిప్పితే ఈసారి వెలుగుతుంది."

"మీకు అన్నీ వేళాకోళమే. ఒక్కగానొక్క పిల్ల. వాడెవడో, వాడి వయసెంతో, ఇంట్లో ఇంకెవరున్నారో. టీవీలో చూపించడంలేదూ?"

"టీవీలో చూపించేది జరిగినవాటిని. ఏమీ జరగనివాళ్ళు ఇంట్లో ఉప్మా తింటుంటారు. వాళ్ళనెవరూ చూపించరు."

జీలాంగ్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. రెండు వైపులా ఎండిన పచ్చిక, గొర్రెలు. చుక్క కోలాక్‌లో ఆగింది. సుగుణ వేళ్ళతో మ్యాపు పెద్దది చేసి, అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "లైబ్రరీ అని ఉందండీ."

"చూశావా. అన్నట్టే లైబ్రరీలోనే ఉంది. ఊరొకటే తేడా."

లైబ్రరీ, పుస్తకం లాంటి మాటలు వినబడితే ఈమధ్య సుగుణ అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతుంది. కార్లోంచి వెళ్ళడానికి చోటు లేదు కాబట్టి అద్దంవైపు తిరిగి కూర్చుంది.

ఆమె తండ్రి భీమయ్య తెనాలి దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు అటెండరుగా పనిచేశాడు. ఐదేళ్ళ క్రితం విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలున్నాడు. అందరి నాన్నలూ ఆవకాయలు, కారప్పొడులు తెస్తే, ఆయన మిక్సీ అట్టపెట్టె నిండా తన సొంత పుస్తకాలు తెచ్చాడు. ఇరవై రెండు. పొద్దున్నే మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాటిలోంచి ఏవో అక్షరాలు చూపిస్తుండేవాడు. వెళ్ళేటప్పుడు ఆ పెట్టె ఇక్కడే వదిలేశాడు. "తీరిగ్గా చదువుకోమ్మా" అన్నాడు. పదో తరగతితో చదువాపేసిన సుగుణ "నాకెక్కడి తీరిక నాన్నా" అని దాన్ని గ్యారేజిలో పెట్టింది.

రెండు చలికాలాల క్రితం ఆ పెట్టె మీద తెల్లటి పురుగులు పాకుతూ కనిపించాయి. ఇల్లంతా లోపల కర్ర ఫ్రేమే. ఎవరింటినో చెదలు తినేశాయని వాట్సాప్‌లో అంతకుముందు వారమే వచ్చింది. సుగుణ పెట్టె తెరిచి చూడను కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నమే పక్కింటావిడ కార్లో పెట్టించి, పాత సామాన్లు తీసుకునే చారిటీ షాపులో దింపేసి వచ్చింది. సాయంత్రం ప్రశాంత్ గ్యారేజి మూలలో మిగిలిన పురుగుల్ని చూసి, ఇవి కాగితం కొరికేవే గానీ ఇల్లు తినేవి కాదన్నాడు. మర్నాడు షాపుకి పరుగెత్తుకెళ్తే పెట్టె అక్కడ లేదు.

అది జరిగిన రెండు నెలలకి భీమయ్య మంచాన పడ్డాడు. వీడియో కాల్‌లో ఆయన అడిగిన మాట ఒక్కటే. "పుస్తకాలు చదువుతున్నావామ్మా?"

"చదువుతున్నా నాన్నా. సగం అయిపోయాయి" అంది సుగుణ.

ఆ ఎండిన మొహం విచ్చుకుంది. "అయితే చూసే ఉంటావులే" అన్నాడు. ఏం చూడాలో ఆమెకి అర్థం కాలేదు. మూడోరోజుకి ఆయన లేడు. ఆ రోజు సుగుణ లిఖిత ఒళ్ళో తలపెట్టుకుని, పోయే మనిషికి అబద్ధం చెప్పానని ఏడ్చింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

"వచ్చేశాం" అన్నాడు ప్రశాంత్.

లైబ్రరీ చిన్నది. పిల్లల మూల, నాలుగు కంప్యూటర్లు, తలుపు దగ్గర పాత పుస్తకాల బల్ల. లిఖిత ఎక్కడా లేదు. కౌంటర్ వెనకున్నావిడకి సుగుణ ఫోన్‌లో కూతురి ఫొటో చూపించింది. వచ్చిన ఇంగ్లీషు కూడా ఆ క్షణంలో రాలేదు. "మై డాటర్" అని మాత్రం అంది.

ఆవిడ మొహం వెలిగింది. "ఓ, లిఖితా? మా శనివారం అమ్మాయి. ఇప్పుడే గ్రాహమ్ దగ్గరికెళ్ళింది. రోడ్డు దాటితే ఆకుపచ్చ తలుపు." అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీరు వాళ్ళమ్మా? అయ్యో. నేను చెప్పకూడదేమో."

బయటికి రాగానే సుగుణ అంది. "చూశారా. ఊరందరికీ తెలుసు. కన్నవాళ్ళకే తెలీదు."

ఈసారి ప్రశాంత్ వేళాకోళం ఆడలేదు. ఆమెకంటే ముందు తనే రోడ్డు దాటాడు.

ఆకుపచ్చ తలుపు తోయగానే గంట మోగింది. నేలనించి పైకప్పుదాకా పాత పుస్తకాలు. గుప్పున అదే వాసన, లిఖిత బ్యాగు వాసన. సుగుణ గుమ్మంలోనే ఆగిపోయింది. వాసన ఇదా? కౌంటర్ దగ్గర ఎనభైకి దగ్గరపడ్డ పెద్దమనిషి, మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటర్లో, చెవికి మిషన్ పెట్టుకుని టీ తాగుతున్నాడు.

"మిస్టర్ గ్రాహమ్ మీరేనా?" అన్నాడు ప్రశాంత్.

"నేనే. కాస్త గట్టిగా మాట్లాడాలి."

వెనక అరల మధ్య నేల మీద కూర్చున్న లిఖిత తల ఎత్తింది. మొహం పాలిపోయి, వెంటనే ఎర్రబడింది. "మీరేంటి ఇక్కడ? నన్ను ట్రాక్ చేసుకుంటూ వచ్చారా?"

"అబద్ధం చెప్పి వస్తే రామా?" అంది సుగుణ. "యూని లైబ్రరీ అన్నావు. ఇదేనా యూని?"

"నువ్వెప్పుడూ ఇంతేనమ్మా. ఎప్పుడూ వర్స్టే అనుకుంటావ్. ఈసారి ఏమనుకున్నావ్?"

సుగుణ భర్త వైపు చూసింది.

"డ్రగ్స్" అన్నాడు ప్రశాంత్, నేలచూపులు చూస్తూ.

"డ్రగ్స్? గ్రాహమ్ దగ్గర?"

"నాకేం తెలుసు ఆయనెవరో?" సుగుణ గొంతు పెరిగింది. "వారం రోజులుగా నిద్రలేదు. కన్నతల్లికి ఇన్ని అబద్ధాలు చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే?"

"నువ్వు తాతకి చెప్పలేదా?"

ఆ మాట అన్నాక లిఖితే ముందు కళ్ళు దించుకుంది. గ్రాహమ్ కప్పు కింద పెట్టిన చప్పుడు అందరికీ వినబడింది. సుగుణ పక్కనున్న చిన్న స్టూలు మీద మెల్లిగా కూర్చుంది. పుస్తకాలు అందుకోవడానికి ఎక్కే స్టూలది.

"సారీ అమ్మా" అంది లిఖిత. "అలా అనాలని కాదు." కింద ఉన్న అట్టపెట్టెను ముందుకు జరిపింది. అది వేరే పెట్టె. కానీ లోపల పైనున్న పుస్తకం అట్ట మీద తెలుగు అక్షరాలున్నాయి. లిఖిత దాన్ని తీసి, పేజీలు లెక్కపెట్టుకుంటూ తిప్పి, తల్లి ఒళ్ళో పెట్టింది.

ఇరవై ఏడో పేజీ. కింద అంచున, నీలి సిరాతో, గుండ్రటి చిన్న అక్షరాల్లో ఒక్క మాట రాసి ఉంది. సుగుణది.

అది భీమయ్య చేతిరాత.

"లైబ్రరీలో ఫస్ట్ పేజీ మీద స్టాంప్ వేస్తే దొంగలు దాన్ని చింపేస్తారంట కదా" అంది లిఖిత. "అందుకని ప్రతి లైబ్రరీకీ లోపల ఒక సీక్రెట్ పేజీ ఉంటుందంట. అక్కడ కూడా స్టాంప్ వేస్తారు. తాత తన బుక్స్‌కి కూడా అలాగే చేశాడు. స్టాంప్ బదులు నీ పేరు. నీ బర్త్‌డే ఇరవై ఏడుగా, అందుకని ఆ పేజీ. నాకు తెలుగు నేర్పింది ఈ పేజీ మీదే అమ్మా. నేను చదివిన ఫస్ట్ వర్డ్ ఇదే. అందుకే వెతకగలిగాను. మిగతాది నాకు సరిగా రాదుగా."

"నాకెందుకు చెప్పలేదు మీ తాత?"

"చెప్తే చదవవన్నాడు. చదివితే నీకే కనిపిస్తుందన్నాడు."

అయితే చూసే ఉంటావులే. సుగుణకి నాన్న మాట ఇప్పుడు వినబడింది. పెట్టెలోంచి ఇంకో పుస్తకం తీసింది. ఇరవై ఏడు. సుగుణది. ఇంకొకటి. సుగుణది. అవి నాన్న పుస్తకాలనే ఇన్నేళ్ళూ అనుకుంది.

చారిటీ షాపువాళ్ళు తమకి చదవడం రాని భాషల పుస్తకాలు ఈ కోలాక్ పెద్దాయనకి పంపేస్తారని లిఖిత ఫోన్లు చేసి కనుక్కుందట. కొన్ని ఆయన దగ్గరే ఉన్నాయి. కొన్ని అప్పటికే క్యాంపర్‌డౌన్, విన్చెల్సీ ఊళ్ళలోని పాత పుస్తకాల షాపులకీ, ఇక్కడి లైబ్రరీ బల్ల మీదకీ వెళ్ళిపోయాయి. ఒక్కొక్క శనివారం ఒక్కొక్క ఊరు తిరిగింది.

"పదకొండు దొరికాయి. ఇరవై రెండూ దొరికాకే నీకిద్దామనుకున్నా. సగమే ఇస్తే మిగతా సగం కోసం ఏడుస్తావని."

సుగుణ అప్పటికే ఏడుస్తోంది. ఏడుస్తూనే కూతురి బుగ్గ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "అబ్బాయి లేడా?"

"లేడమ్మా."

"ఇంకేమీ లేదా?"

"ఆకలేస్తోంది. అంతే."

సుగుణకి నవ్వొచ్చింది. వారం రోజులుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టు, ఊపిరి నిండుగా లోపలికి వెళ్ళింది. గ్రాహమ్ ఆమెకి కూడా ఒక కప్పు టీ తెచ్చిచ్చాడు. "నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు" అన్నాడు. "కానీ ఎవరో అంత దూరంనించి మోసుకొచ్చారు కదా. పారెయ్యబుద్ధి కాలేదు."

ఆ మనిషి గురించి తను అనుకున్నవన్నీ గుర్తొచ్చి, సుగుణ రెండు చేతులూ జోడించింది. "నెక్స్ట్ సాటర్‌డే, ఐ కమ్ ఆల్సో" అంది. "విత్ ఉప్మా."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక సీట్లో కూతురి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా పెట్టె. లిఖిత పుస్తకం అందుకుని ఇరవై ఏడో పేజీ తియ్యబోతే, సుగుణ ఆపింది.

"వద్దు. మొదటినించి. చదువుకుంటూ వెళ్ళి అక్కడికి చేరాలి."

కళ్ళజోడు తుడుచుకుని, పైకి చదవడం మొదలుపెట్టింది. మొదట ఒక్కొక్క మాట దగ్గరా తడబడింది. రెండో పేజీకి గొంతు కుదురుకుంది. అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా లిఖిత "అంటే?" అని ఆపుతోంది. సుగుణకి తెలిస్తే చెబుతోంది, తెలియకపోతే ముందు సీటుని అడుగుతోంది.

విన్చెల్సీ దాటాక ప్రశాంత్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "ఇంతకీ స్టవ్ ఆపావా?"

"ఆపే ఉంటాలెండి" అంది సుగుణ, తల ఎత్తకుండా. "కదిలించకండి, లైను తప్పుతోంది."

జీలాంగ్ చేరేసరికి తొమ్మిదో పేజీలో ఉంది.