జగ్గు మీద పేరు

మేడ్చల్ స్టేషన్‌లో పొద్దుటి రైలు కూత వినిపించేసరికి తేజస్వి వంటింట్లో తన స్టీలు జగ్గును మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉంది. పెళ్లయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆ జగ్గును తుడవకుండా ఆమెకు తెల్లవారలేదు.

ఆ జగ్గుకు పూలు లేవు, గీతలు లేవు, అంచుకు మెలికలు లేవు. మెడ సన్నగా మొదలై కిందికి నిండుగా దిగుతుంది. పిడి నాలుగు వేళ్లకూ సరిగ్గా అమరుతుంది. హోమ్‌సైన్స్ డిగ్రీ చివరి ఏడాదిలో తేజస్వి నోటు పుస్తకంలో తానే గీసుకున్న బొమ్మ అది. అల్వాల్‌లో చిన్న స్టీలు కార్ఖానా నడిపే మొగులయ్య, ఆమె తండ్రికి స్నేహితుడు, ఎనిమిది సార్లు చెడగొట్టి తొమ్మిదోసారి కుదిర్చాడు. దానికి జతగా ఆరు గ్లాసులు కూడా చేసిచ్చాడు. కిటికీలోంచి ఎండ పడితే జగ్గు పొట్ట మీద వంటిల్లంతా వంపు తిరిగి కనిపించేది. అది చూసి ఆమె రోజూ నవ్వుకునేది.

"రుద్ది రుద్ది దాన్ని అరగదీస్తవా ఏంది?" అంది అత్త బాలనర్సమ్మ, పొయ్యి మీద పాలు దించుతూ.

"చూడండి అత్తమ్మా, కిటికీ మొత్తం దీంట్లనే కనిపిస్తుంది."

"కిటికీ సూడాలంటే కిటికీ దిక్కే సూస్త. ఒక పువ్వు లేదు, గీత లేదు. బోడి జగ్గు. పేరన్న ఉన్నదా అంటే అది గూడ లేదాయె. ఎవ్వలిదని చెప్తవ్?"

"మన ఇంట్ల ఉన్నది మనది కాక ఎవరిదైతది అత్తమ్మా?"

ఆ ఇంట్లో గరిటె మొదలు గంగాళం దాకా ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంటుంది. ఎక్కువ వాటి మీద చనిపోయిన మామ సోమయ్య పేరు, కొన్నిటి మీద ఇద్దరు కొడుకులు ప్రతాప్, వీరేందర్‌ల పేర్లు. తేజస్వి మాత్రం పెళ్లి సామాను కొనేటప్పుడు తల్లిని బతిమాలి ఒక్క అక్షరం కూడా చెక్కించనివ్వలేదు.

బాలనర్సమ్మ ఇంకేదో అనబోయి గుమ్మం వైపు చూసి ఆగిపోయింది. పెద్ద కోడలు మనోరమ లోపలికి వచ్చింది. ఆదివారం నాడు ఆమె, ప్రతాప్ వేరు పడి యాప్రాల్‌లో కట్టుకున్న కొత్త ఇంటికి పోతున్నారు. ఇంట్లో సామాను ఆ రోజే పంచుకోవాలి.

"నీ జగ్గు నాకు మస్తు నచ్చింది చెల్లె. మా డైనింగ్ టేబుల్ మీద ఎట్లుంటదో" అంది మనోరమ, దాన్ని చేతిలోకి తీసుకుని.

తేజస్వి మురిసిపోయింది. సికింద్రాబాద్‌లో సామాన్ల షాపు ఆయన ఈ సెట్టును సోమవారం తెచ్చి చూపించమన్నాడనీ, నచ్చితే యాభై సెట్లు చేయించి అమ్మిపెడతానన్నాడనీ ఉత్సాహంగా చెప్పింది. బాలనర్సమ్మ పాలగిన్నె మీద మూత కొంచెం గట్టిగానే పెట్టింది.

పది గంటలకు తేజస్వి అల్వాల్ వెళ్లింది. ఆ సెట్టుకు సరిపోయే పళ్లెం మొగులయ్య ఆ రోజే పూర్తి చేస్తానన్నాడు. పళ్లెం ఆమె అనుకున్నదానికంటే బాగా కుదిరింది. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, అందులో తన ముఖం చూసుకుంటూ నాలుగింటికి ఇల్లు చేరింది.

మనోరమ గుమ్మంలోనే ఎదురైంది.

"పో, లోపల నీ జగ్గు సూసుకో."

జగ్గు అరలోనే ఉంది. దాని పొట్ట మీద, ఎండ పడే చోటనే, వంకరటింకర చుక్కలతో 'తేజస్వి' అని చెక్కి ఉంది. ఆరు గ్లాసుల మీదా అదే పేరు. ఒక గ్లాసు మీద ఉలి జారిన గీత పొడుగ్గా సాగిపోయింది.

తేజస్వి చేతిలోని పళ్లెం గట్టు మీద పెట్టేసింది. బాలనర్సమ్మ పీట మీద కూర్చుని ఉల్లిగడ్డ కోస్తోంది.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"పేర్లు కొట్టేటాయన వాడకు వచ్చిండు. కొట్టిపిచ్చిన."

"నన్ను అడిగిండ్రా?"

"అడిగితే కొట్టనిస్తవా?"

మనోరమ వెనకే వచ్చి నిలబడింది. "ఇంట్ల అన్నిటికి మామ పేరు, కొడుకుల పేర్లు. నీ సామానుకు మాత్రం నీ పేరు. నువ్వు ఈ ఇంటి దానివి కాదని చెప్పకనే చెప్పింది చెల్లె. సమజ్ అయిందా?"

ఆ మాట తేజస్వికి సూటిగా తగిలింది. నలభై రోజుల నుంచి ఈ ఇంట్లో ప్రతి గిన్నెనూ తనదనుకుని మురిసింది. అత్త మాత్రం నీది నీదే, మాది మాదే అని ఉలితో రాయించింది.

"తొమ్మిది సార్లు చేస్తే కుదిరింది అత్తమ్మా ఇది. సోమవారం నాకు ఎంత పెద్ద పని ఉందో మీకు తెలుసు. పొద్దున మీ ముందే చెప్పిన. తెలిసీ చేసిండ్రు."

"తెలిసే జేసిన."

"నా అదృష్టం చూసి ఓర్వలేకనే కదా."

"నోరు మంచిగ రానీ."

"ఇంకేం మంచిగ రావాలె? అక్షరం రానోళ్లకు అందం ఏం తెలుస్తది?"

అన్నాక ఆమెకే భయమేసింది. బాలనర్సమ్మ కత్తిపీట పక్కకు నెట్టింది. అప్పుడే బస్ డిపో నుంచి డ్యూటీ దిగి వచ్చిన తేజస్వి భర్త వీరేందర్ వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు.

"ఏమైందే? అమ్మా, ఏమైంది?"

"నేను అల్వాల్ పోతున్న. మీ అమ్మకు నా సామానూ వద్దు, నేనూ వద్దు" అంటూ తేజస్వి గ్లాసులు ఒక్కొక్కటే సంచిలో వేయసాగింది.

"పో. పొయ్యేటప్పుడు అన్ని తీస్కపో. ఒక్కటి గూడ ఈడ ఇడవకు" అంది బాలనర్సమ్మ.

"అమ్మా, జరంత ఊకో" అన్నాడు వీరేందర్.

"ఏంది ఊకునేది? ఇరవై ఆరేండ్లు ఊకున్న." ఆమె లేచి నిలబడింది. "మనోరమా, నువ్వు ఏడికి పోతున్నవ్? నిలవడు. నువ్వు గూడ ఇను."

మనోరమ ఆగింది.

"నా పెండ్లికి మా అమ్మ తను తాగే ఇత్తడి గిలాసలు పన్నెండు ఇచ్చింది. పేర్లు కొట్టిపియ్యలే. ఇరవై ఆరేండ్ల కింద మీ మామ, మా బావ వేరు పడ్డనాడు పెద్దమనుషులు పేరున్నయి పేరున్నోళ్లకు ఇచ్చిండ్రు. లేనియి ఉమ్మడియి అన్నరు. నా గిలాసలు మా తోడికోడలు సాలమ్మ వంతుకు పోయినయి. మా అమ్మవి అని మొత్తుకున్న. ఏడ రాసున్నది అన్నరు."

బాలనర్సమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"శామీర్‌పేటల ఆమె ఇంటికి ఏ దావత్‌కు పోయినా నాకు గా గిలాసలనే నీళ్లిస్తది. ఒకదానికి అడుగున సొట్ట ఉంటది. చిన్నప్పుడు బాయి కాడ నేనే కింద పడేసిన. పట్టుకుంటే చేతికి తెలుస్తది. తాగి, ఆడనే పెట్టి, ఇంటికొస్త."

ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

"ఎల్లుండి ఈ ఇంట్ల పంపకం. పొద్దుగాల ఈమె నీ జగ్గు పట్టుకుని టేబుల్ మీద పెడ్తనంటే నువ్వు పండ్లన్ని బయటవెట్టి నవ్వుతున్నవ్. ఆమె ముంగట నీకెట్ల చెప్పాలె? మామ పేరు కొట్టిపిస్తే పంచుకుంటరు. నీ పేరు కొట్టిపిస్తే నీదైతది. అడుగున కొడితే సూడనట్టే ఉంటరని పొట్ట మీద కొట్టుమన్న. నాకు సదువు రాదు. రాసింది నీ పేరే గద?"

తేజస్వి సంచిలో వేయబోయిన గ్లాసు మీద పేరు చదివింది. తల ఊపింది. మనోరమ ముఖం కందగడ్డలా చేసుకుని, "నేనేదో మాట వరసకు అన్న" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి తేజస్వి అల్వాల్ పోలేదు. అలాగని అత్తాకోడళ్ల మధ్య మాటా కలవలేదు. శనివారం ఆమె షాపు ఆయనకు ఫోన్ చేసి, వేరే సెట్టు చేయించి తెస్తాను, నెల గడువు ఇవ్వమని అడిగింది. ఆయన ఇస్తాననలేదు, చూద్దాంలే అన్నాడు.

ఆదివారం వాకిట్లో సామాను పంచారు. ప్రతాప్, వీరేందర్ ఒక్కో గిన్నె తిప్పి పేరు చదివి అటో ఇటో పెట్టారు. తండ్రి పేరున్నవి చెరి సగం. వంటింట్లో మిగిలినవి తెస్తున్న మనోరమ చెయ్యి ఒకసారి జగ్గున్న అర దాకా వెళ్లి, పక్కనే ఉన్న ఇడ్లీ పాత్ర అందుకుంది. మధ్యాహ్నానికి రెండు కుప్పలు తేలాయి. బాలనర్సమ్మ వాటి మధ్య చీపురు పట్టుకుని, సామాను కట్టగా రాలిన గడ్డి ఊడుస్తోంది.

"మరి అత్తమ్మవి ఏవి?" అంది తేజస్వి.

"అమ్మకు వేరే ఎందుకు? మీ కాడనే ఉంటది గద" అన్నాడు ప్రతాప్ నవ్వుతూ.

తేజస్వి కుప్పల ముందు కూర్చుంది. ఒక్కో గిన్నె తిప్పి చూసింది. సోమయ్య, ప్రతాప్, సోమయ్య, వీరేందర్. మళ్లీ సోమయ్య. ఇరవై ఆరేళ్లు తోమిన చేతుల పేరు ఒక్క చెంచా మీద కూడా లేదు. అక్షరాలు మసకబారాయి. ఎంత తుడుచుకున్నా కళ్లు ఆగలేదు.

ప్రతాప్ వాళ్ల సామాను లారీ కదిలి వెళ్లాక ఆమె వంటింట్లోకి వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తమ్మా."

"ఏ మాట? మస్తు మాటలన్నవ్."

తేజస్వి ఏడుస్తూనే నవ్వింది. లేచి నోటు పుస్తకం, పెన్సిల్ తెచ్చుకుని, కొత్త పేజీ తిప్పింది.

"మీకొక గ్లాసు చేయిస్త. మీ పేరుతో. చెప్పండి, ఎట్లుండాలె?"

బాలనర్సమ్మ ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. అలాంటి ప్రశ్న ఎవరూ ఆమెను అడిగి ఉండరు. కాసేపు తన అరచేతిని చూసుకుని, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచింది.

"జర బరువుండాలె. చేతుల ఉన్నట్టు తెల్వాలె."

తేజస్వి గీయడం మొదలుపెట్టింది. బాలనర్సమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి ముందుకు వంగింది.

"అట్ల కాదు. మూతి ఇంకింత ఎడల్పు పెట్టు."