ఫల్గుణ హాజర్

మాది చిన్న కంపెనీ. ఎస్.కోట బస్టాండు వెనక, మిఠాయి కొట్టు మీద ఒకే ఒక్క గది. నలభై రెండు మంది గార్డులు, ఒక కంప్యూటరు, నేను. అపార్టుమెంట్లకీ కల్యాణ మండపాలకీ కాపలా మనుషుల్ని పంపడం మా పని. ఆడదానికి సెక్యూరిటీ కంపెనీ ఏమిటని నవ్వినవాళ్ళే, తరవాత తమ ఇంటి పెళ్ళిళ్ళకి మనిషి కావాలని నా గుమ్మం ఎక్కారు.

తుపాకీ కాపలా మాత్రం మా వల్ల అయ్యేది కాదు. దానికి వేరే లైసెన్సు కావాలి. అది విశాఖలో మా అన్నయ్య దుర్గాప్రసాద్ కంపెనీకి ఉంది. అలాంటి పని వస్తే ఒప్పందం నా పేరున, తుపాకీ మనిషి అన్నయ్య పేరున. కాగితాల్లో దాన్ని మా అనుబంధ సంస్థ అని రాసుకునేవాళ్ళం. పని బాగా జరిగితే ఇద్దరిదీ, చెడితే ఎవరిదీ కాదు. అప్పట్లో అది నాకు తెలివైన ఏర్పాటుగానే తోచింది.

హుకుంపేట అవతల కొండల్లో సొరంగం తవ్వుతున్న ఒక కాంట్రాక్టరు మాకు అలాంటి పనే ఇచ్చాడు. పేలుడు మందు దాచే గదికి కాపలా. మేగజీన్ అంటారు దాన్ని. ఊరికి దూరంగా చుట్టూ ముళ్ళకంచె, మట్టికట్ట, ఒక ఇనప తలుపు. షిఫ్టుకి ఇద్దరు ఉండి తీరాలి. ఒకరి చేతిలో తుపాకీ, ఇంకొకరి చేతిలో తాళాలు. పగటి షిఫ్టులో తుపాకీ ఫల్గుణది. అక్కడికి దగ్గరి ఊరివాడే, సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చాడు. తాళాలు అతని బావమరిది సుక్రువి.

ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నేను ఎస్.కోట నుంచి ఫోన్ చేసి పేర్లు పిలిచేదాన్ని. ఒక్కొక్కరూ స్పీకరులో 'హాజర్' అనాలి. ఆ రికార్డింగు కాంట్రాక్టరు ఆఫీసుకి పంపాలి. ఇంకో రూలు కూడా ఉంది. రిలీవర్, అంటే తరవాతి షిఫ్టు మనిషి, వచ్చి ఛార్జి తీసుకునేదాకా ముందువాడు అక్కణ్ణుంచి కదలకూడదు.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం ఫల్గుణే ఫోన్ చేశాడు. జ్వరమన్నాడు. పళ్ళు టకటకలాడడం నాకు వినబడుతూనే ఉంది. ఆ రోజు ఘాట్ మీద కొండచరియ పడి, రాత్రి షిఫ్టుకి వెళ్ళాల్సిన పైడయ్య జీపు మధ్యలో ఆగిపోయింది. "తుపాకీ వదిలి వెళ్ళకు ఫల్గుణా. రిలీవర్ వచ్చేదాకా ఓర్చుకో" అన్నాను. "అలాగే మేడం" అన్నాడు. మాత్రల కోసం ఊళ్ళోకి దిగిన సుక్రు, దారిలో గెడ్డ వాగు పొంగి తిరిగి రాలేకపోయాడు. మర్నాడు పదకొండింటికి పైడయ్య చేరేసరికి, ఫల్గుణ ఇనప తలుపుకి వీపు ఆనించి ఉన్నాడట. ప్రాణం లేదు. మలేరియా మెదడుకెక్కిందన్నారు.

నేను చంపానని ఎవరూ అనలేదు. నేను అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

కొత్త తుపాకీ మనిషికి పోలీసు విచారణలూ కాగితాలూ కావడానికి ఇరవై రోజులు పడుతుంది. "ఫల్గుణ పేరు కొట్టెయ్యకు భానూ. లెక్కలో ఒక మనిషి తగ్గితే మేగజీన్ మూసేస్తారు. ఆ సుక్రు చేత పలికించు" అన్నాడు అన్నయ్య. నేను కాదనలేదు. రోజూ రెండు పూటలా పిలిచాను. "సుక్రు?" "హాజర్." "ఫల్గుణ?" "హాజర్." ఆ రెండో హాజర్ వినలేక, పేరు పిలవగానే ఫోన్ చెవికి దూరంగా పెట్టేసేదాన్ని. రికార్డింగు వెంటనే పంపేసేదాన్ని. మళ్ళీ వినడానికి మనసొప్పేది కాదు.

పన్నెండో రోజున కబురొచ్చింది, మర్నాడు మేగజీన్ తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని. సుక్రుకి నాలుగు మాటలు నేర్పి రావాలని నేనే బయల్దేరాను. అరకులో బస్సు దిగి, జీపు మాట్లాడుకుని, ఆఖరి మైలు నడిచి మేగజీన్ చేరేసరికి నాలుగున్నర. మబ్బు కొండ మీంచి దిగి కంచె లోపలికి వచ్చేసింది. నా చెయ్యి చాపితే వేళ్ళ చివర్లు మసకగా ఉన్నాయి. కాఫీ తోటల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్న చప్పుడు. తడిసిన ఖాకీ బట్ట వాసన. సుక్రు ఒంటి మీద ఖాకీ లేదు, గొంగడి కప్పుకుని ఉన్నాడు. మరి ఆ వాసన ఎక్కడిదో అనుకున్నాను. అంతకంటే పట్టించుకోలేదు.

"రేపు ఇన్‌స్పెక్టరు ఎదుట కూడా ఫోన్లో పిలుస్తాను సుక్రూ. ఫల్గుణ మట్టికట్ట వెనక రౌండుకి వెళ్ళాడని చెప్పు. తరవాత నువ్వే అటు వెళ్ళి పలుకు. రోజూ పలుకుతున్నట్టే."

సుక్రు నా మొహంలోకి చూశాడు. "రోజూ ఏటి మేడం? నాను మంగళవారం సాయంత్రం నుంచి బావ పేరుకి పలకడం లేదు కదా."

"పలకకపోవడమేమిటి?"

"మా అక్క సోని పలకొద్దని ఒల్లకోమంది. మా ఊళ్ళో పెద్దదినం పెట్టీదాకా పోయినోడి పేరు పిలవకూడదు మేడం. పిలిత్తే ఎనక్కి తిరిగి సూత్తాడు. నా పేరుకి పలికి, ఫోను గూట్లో ఎట్టేసి, కంచె బైటికి ఎలిపోతన్నాను. మీరూ మానేసినారనుకున్నాను."

ఆ రోజు శనివారం. నాలుగు రోజులు. ఎనిమిది రికార్డింగులు. నా ఫోన్లో గురువారం సాయంత్రంది పెట్టాను.

"సుక్రు?" అంది నా గొంతు. "హాజర్." తరవాత అడుగుల చప్పుడు దూరమైపోయింది. "ఫల్గుణ?" అంది నా గొంతు, తొందరగా, విసుగ్గా. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత... టకటక... టకటక... పళ్ళు.

"హాజర్ మేడం."

సుక్రు కింద కూలబడిపోయాడు. "మా బావే" అన్నాడు. ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"పద సుక్రూ. తాళాలు తీసుకో. బేగి దిగిపోదాం" అన్నాను. కానీ అడుగు ముందున్నది కూడా కనబడటం లేదు. కంచె వెంబడి తడుముకుంటూ గేటు కోసం ఒక చుట్టు తిరిగాం. మళ్ళీ ఇనప తలుపు దగ్గరికే వచ్చాం. రెండోసారీ అంతే. మూడోసారి వచ్చేసరికి సుక్రు నా చున్నీ అంచు పట్టుకుని ఉన్నాడు. టైము చూశాను. ఆరూ రెండు నిమిషాలు. మబ్బుకి రాత్రి షిఫ్టు జీపు ఇంకా చేరలేదు. నేను ఎవరినీ పిలవలేదు. నోరు గట్టిగా మూసుకున్నాను.

మట్టికట్ట వెనక నుంచి ఎవరో చిన్నగా దగ్గారు.

"మేడం... రోల్ కాల్ అవలేదు."

తుపాకీ నూనె వాసన. జ్వరం చెమట వాసన. మబ్బులో మనిషి ఆకారం కూడా లేదు. గొంతు మాత్రం ఉంది. ఎప్పటి గొంతే, ఎప్పటి మర్యాదే. తిట్టినా బాగుండేది.

"ఫల్గుణా... నీ డ్యూటీ అయిపోయింది. వెళ్ళిపో నాయనా" అన్నాను.

టకటక... టకటక...

"రిలీవర్ ఎవరు మేడం?"

నా పక్కన సుక్రు లేచాడు. "నాను ఉంటాను మేడం" అన్నాడు గుసగుసగా. "జొరంతో నిలబడిపోనాడు మా బావ. ఆ దినం నాను ఎనక్కి రాలేదు."

"నోరుముయ్యి" అని అతని మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాను. సుక్రుకి ఇద్దరు పసిపిల్లలు. వాళ్ళక్క ఇంట్లో అన్నం పెట్టే మగాడు ఇక ఇతనొక్కడే. ఒక మనిషిని ఫోన్లో ఒక్క మాటతో పోగొట్టాను. రెండో మనిషిని చేతుల్లోంచి పోనివ్వదలచుకోలేదు. కానీ అతను అటు లాగుతున్నాడు. అవతల గొంతు దగ్గరికొచ్చింది.

"రిలీవర్ పేరు చెప్పండి మేడం."

పైడయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అతనికీ పిల్లలున్నారు. నా పేరు చెప్పొచ్చు. ధైర్యం చాలలేదు, దాచడమెందుకు. పేరు కొట్టెయ్యకు భానూ అని అన్నయ్య అనడం చెవిలో మెదిలింది. కోపమో, భయమో, నూరు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి ఏమవుతుందిలే అన్న దొంగ లెక్కో తెలియదు.

"దుర్గాప్రసాద్" అన్నాను.

చెట్ల నుంచి నీళ్ళు రాలడం కూడా ఆగినట్టుంది.

"సరే మేడం. ఛార్జి ఇచ్చేశాను."

బూట్ల చప్పుడు మా పక్క నుంచే వెళ్ళింది. తొందర లేకుండా, ఊరి వైపు దిగిపోయింది. కాసేపటికి గేటు కనబడింది. మేం అంతకుముందు మూడుసార్లు తడిమిన చోటే ఉంది. సుక్రు అప్పుడు ఏడ్చాడు. ఆ రాత్రే కాంట్రాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పి పని వదులుకున్నాను. బరువు దిగిందనుకున్నాను.

తెల్లవారి మా వదిన గాయత్రి ఫోన్ చేసింది. ముందురోజు సాయంత్రం ఆరు దాటాక అన్నయ్యకి చలిజ్వరం పట్టుకుందట. నేను విశాఖ ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరు రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఉన్నాడు. "మలేరియా. ఈ మధ్య ఏజెన్సీ కొండల్లోకి వెళ్ళారా?" అని అడిగాడు. అన్నయ్య బతుకులో ఎస్.కోట దాటి కొండెక్కి ఎరగడు. దుప్పట్లు నాలుగు కప్పినా మంచం కదిలిపోయేలా వణుకుతున్నాడు. నన్ను చూసి మాత్రం కళ్ళు తెరిచాడు.

"రిలీవర్‌ని పంపు భానూ."

నా ఫోన్లో నలభై రెండు పేర్లున్నాయి. ఫోన్ ఆపేసి బ్యాగులో అడుక్కి తోసేశాను. తోబుట్టువుని అలా చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నా పగవాళ్ళకి కూడా తెలియకూడదు. తెల్లవారుజామున కునుకు పట్టింది. లేచి చూసేసరికి అన్నయ్య చక్కగా నిద్రపోతున్నాడు. నుదురు చల్లగా ఉంది. వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది.

"జ్వరం విడిచిందే భానూ! రాత్రంతా ఎవరో రిలీవర్ రావాలని ఒకటే కలవరింత. నిద్ర పోనంటున్నారు. చివరికి నేనే అన్నాను. 'మీరు పడుకోండి, మీ బదులు నేనుంటాను' అని. అంతే. పాపం, చంటిపిల్లాడిలా పడుకున్నారు."

ఆవిడ చీర కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది. "ఇదేటో, ఏసీ తగ్గించమని చెప్పాలి" అంది.

కిటికీలోంచి ఎండ నేల మీద పడింది. నాలుగో అంతస్తు, తెల్లటి టైల్సు, ఫినాయిలు వాసన. వదిన కాలి మడమ మీద నల్లగా ఏదో అంటుకుని ఉంది. వంగి చూశాను. జలగ. వానాకాలం ఆ మేగజీన్ కొండల్లో గడ్డిలోంచి పట్టుకునే రకం. బొటనవేలంత లావున నెత్తురు తాగి ఉబ్బి ఉంది. అంత తాగాలంటే గంట పైనే పడుతుంది. వదినకి నొప్పి తెలిసినట్టు లేదు.