అండర్‌పాస్‌లో ఏడ్చేది

రైలు పట్టాల కింద ఉన్న ఆ అండర్‌పాస్ సంగతి మీకు తెలీదా? చీకటి పడ్డాక అందులోకి దిగితే ఎవరో ఆడమనిషి ఏడుస్తుందని మూడు నెలలుగా ఒకటే గోల. సన్నగా మొదలవుతుందట... "ఊఁ—" అని. బండి వెనకాలే వస్తుందట.

నేను వినలేదు బాబూ. మా వదిన విన్నది. ఆవిడ చెప్పిందే చెప్తున్నా, ఒక్క ముక్క కలిపితే ఒట్టు... సరే, రెండు ముక్కలు.

మా వదిన టాక్సీ నడుపుతుంది. మా అన్నయ్య మెకానిక్. కారు బాగుచేయించుకోడానికి వచ్చి మెకానిక్‌ని కూడా పట్టుకుపోయిందని మా ఇంట్లో జోకు.

ఆ ఏడుపు వదిన కారుని ఒక్క రోజూ వదల్లేదు. ఎక్కినవాళ్లు హడలిపోయి సగం దారిలో దిగిపోయేవాళ్లు. చివరికి కారు అమ్మేద్దామనుకుంది. మర్నాడు పొద్దున బేరగాడు వస్తానన్నాడు. దానికి ముందు సాయంత్రం, "పదకొండేళ్లు దాంతోనే బతికాను," అని బావురుమంది.

అన్నయ్యకి దెయ్యం మీద కోపమే గానీ కారు మీద అనుమానం లేదు. ఎందుకుంటుంది? వెనక చక్రాల మధ్య కుండలా వేలాడే డిఫరెన్షియల్‌ని విప్పి, పళ్లచక్రాలు మార్చి బిగించింది స్వయానా ఆయనే. ఆ పని కొత్తగా నేర్చుకున్నాడులెండి, మహా గర్వం. "నా చేతి పని అరవదు. అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా తొక్కుకుంటూ పోవాలి, అంతే. షెడ్డుకి వచ్చినవాళ్లందరికీ అదే చెప్తున్నా. నన్ను చూస్తే ఆ దెయ్యానికి హడల్!"

"అయితే ఇప్పుడే పదండి," అంది వదిన.

ముందు అన్నయ్య నడిపాడు. వాలు మొదలైంది... సగం లైట్లు వెలగడం లేదు... గోడల మీంచి నీళ్లు కారుతున్నాయి... చప్పుడు లేదు. దాటేశారు.

"చూశావా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

వదిన ఆయన కాలి వంక చూసింది. యాక్సిలరేటర్‌ని నేలకి నొక్కిపట్టాడు మహానుభావుడు.

ఈసారి తను నడిపింది. వాలులో అలవాటుగా కాలు తీసింది.

"ఊఁ—ఊఁ—"

అన్నయ్య సీట్లో ముడుచుకుపోయాడు. "తొక్కు... తొక్కవే తల్లీ!"

తొక్కింది. ఏడుపు ఆగింది. కాలు తీసింది. ఏడుపు మొదలైంది. మళ్లీ తొక్కింది. మళ్లీ ఆగింది. వదినకి నవ్వు ఆగలేదు.

"మీ దెయ్యం నా కాలి కింద ఉందండీ," అంది గుసగుసగా. "బిగించే ముందు పళ్లకి రంగు పూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూశారా?"

"చూశాను! గుర్తు చక్కగా మధ్యలో పడింది."

"ఏ వైపు?"

అన్నయ్య నాలిక్కరుచుకున్నాడు. కారు లాగేటప్పుడు పళ్లు ఒకవైపు ఒరుసుకుంటాయి, కాలు తీస్తే రెండోవైపు. ఆయన ఒకవైపే చూసి మూత బిగించేశాడు! ఆ రెండోవైపు ఒరుపిడి పగలు రోడ్డు రొదలో కలిసిపోయేది, రాత్రి ఈ గోడల మధ్య ఏడుపై మోగేది.

ఆ రాత్రే షెడ్డులో విప్పాడు. వదిన టార్చి పట్టుకుంది, మధ్యమధ్యలో "ఊఁ" అని ఏడిపించింది కూడా. ఈసారి రెండువైపులా రంగు చూసుకుని బిగించాడు. పొద్దున బేరగాడు వస్తే, "అమ్మను, పోవయ్యా," అని వదిన పంపేసింది.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక మళ్లీ దిగారు. వదిన కాలు తీసింది... చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. వదిన సంతోషం పట్టలేక కారు ఓ పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, స్టీరింగ్‌కి ముద్దు పెట్టింది. నాకేదని అన్నయ్య అలగబోయాడు.

అప్పుడు—

"ఊఁ—ఊఁ—"

ఇంజన్ ఆగే ఉంది. ఏడుపు వెనకనుంచి... దగ్గరికి... ఇంకా దగ్గరికి... అన్నయ్య గబుక్కున వదిన చెయ్యి పట్టుకున్నాడు.

బేకరీ వ్యాను వచ్చి పక్కన ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మెకానిక్ అన్నా! నువ్వు చెప్పినట్టే తొక్కుకుంటూ వస్తున్నా... మీ కారు కనబడి కాలు తీశా. ఏడ్చేసింది!"

వదిన మెల్లగా అన్నయ్య వైపు తిరిగింది.

"ఈ మూడు నెలల్లో... మొత్తం ఎన్ని బళ్లకి ఇలాగే బిగించారు?"

"పద్నాలుగు," అన్నాడు అన్నయ్య, వేళ్లు లెక్కపెట్టుకుని.

వాలు పైన ఇంకో జత లైట్లు వెలిగాయి.

"ఊఁ—ఊఁ—"