గుమ్మడికాయ కొట్టేదాకా

ఆ రోజు మంగళవారం. పదింటికల్లా మినతికి కోపం రావాలి.

అందుకోసం పైడితల్లి పడరాని పాట్లు పడుతోంది. కాఫీలో ఉప్పు కలిపి ఇచ్చింది. మినతి గుక్క తిప్పుకోకుండా తాగేసింది. కిటికీ రెక్క దబదబా బాదింది. మినతి పుస్తకంలోంచి తలెత్తలేదు. చివరికి కోపం తెప్పించాల్సిన మనిషికే కోపం వచ్చింది.

"ఏటమ్మా నువ్వు! నీకు కోపం రాకపోతే నా ఉజ్జోగం ఊడిపోద్ది, తెలుసా?"

"ఇవాళ రాదు పైడితల్లీ. ఇవాళ నాకు సంతోషంగా ఉంది."

మాట నిజమే. మొహంలో మాత్రం ఆ సంతోషం ఆనవాలైనా లేదు. తుడిచిన పలకలా ఉంది.

ఆ సంతోషమంతా ఎనభై లక్షల ఇళ్లలో గోడతెరల మీద వెలుగుతోంది. పొద్దుట్నుంచీ శాంభవి వదిన ఒకటే నవ్వులు. శాంభవి అంటే మినతి ఛాయ, తెర మీద బతికే ఆమె బొమ్మ. పూర్వం నటులు కెమెరా ముందు కాసేపు ఏడ్చి, ఇంటికెళ్లి హాయిగా అన్నం తినేవాళ్లట. ఇప్పుడా భోగం లేదు. మినతి ముఖచర్మం కింద వెంట్రుకలో పదోవంతు సన్నని భావతంతువులు అల్లి ఉన్నాయి. ఆమెలో ఏ భావం పుట్టినా మొహం మీదికి రాకముందే అవి పట్టేసుకుని ఛాయకు అందిస్తాయి. ఆమెకు నవ్వొస్తే అన్ని ఇళ్లలోనూ శాంభవి నవ్వుతుంది. ఎందుకు నవ్విందో ఏ ఇంటికి తగ్గ సాకు ఆ ఇంట్లో కల్పనాయంత్రం అప్పటికప్పుడు అల్లి, ఆ ఇంటివాళ్ల భాషలోనే వాళ్లతో మాట్లాడిస్తుంది. ఒక ఇంట్లో చంటిది తప్పటడుగు వేసిందని, ఇంకో ఇంట్లో తాతగారు కట్టుడు పళ్లు ఎక్కడో పెట్టి మర్చిపోయారని. మొదట్లో భావాలు నిలవచేసి వాడి చూశారు. పాచిపోయిన కూరను పట్టేసినట్టు జనం ఇట్టే పట్టేశారు. అందుకని ఏ రోజుది ఆ రోజే, తాజాగా కావాలి. మంగళవారం కోపం, బుధవారం బెంగ.

పద్నాలుగేళ్లుగా ఇదే వరస. మినతికిప్పుడు ముప్ఫై ఒకటి. కంపెనీ మేడలోనే తిండి, కంపెనీ మేడలోనే పడక. బయటి గాలి తగిలితే అక్కర్లేని భావాలు పుడతాయని ఏ మూడు నాలుగేళ్లకో తప్ప గేటు దాటనివ్వరు.

అసలిదంతా వాళ్ల నాన్న ధరణీధర్ బెహెరా నమ్మకం వల్ల వచ్చింది. ఒడిశాలో కేంద్రపడ తీరాన వాళ్ల ఊరిని సముద్రం మింగేశాక, పెళ్లాన్నీ రెండేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని ఆయన భీమిలి వచ్చిపడ్డాడు. స్టూడియోలో సెట్లకు వడ్రంగం పని. ఒకరోజు నాన్నకు క్యారియర్ తెచ్చిన పిల్ల, రావలసిన వేషగత్తె రాక, ఆమె బదులు కెమెరా ముందు నిలబడి నాలుగు కన్నీటి బొట్లు రాల్చింది. అంతే, సెట్టంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత రెండు సినిమాలు. మినతి అంటే మనవాళ్ల పేరులా లేదని మధూలిక అని పెట్టారు. యాస పోవాలంటే ఇంట్లో కూడా ఒడియా మానెయ్యమన్నారు. ఆ పిల్ల మానేసింది కూడా.

పదిహేడో ఏట ఛాయ ఒప్పందం వచ్చింది. అందులో గడువు ఇలా రాసి ఉంది: కొబ్బరికాయ కొట్టిన రోజు మొదలు గుమ్మడికాయ కొట్టే రోజు వరకు. సినిమావాళ్ల ఆనవాయితీ అది. షూటింగు మొదలైతే కొబ్బరికాయ, ముగిస్తే గుమ్మడికాయ. ధరణీధర్ తన సర్వీసులో ఎన్ని గుమ్మడికాయలు చూశాడో! ఎంత కొమ్ములు తిరిగిన సినిమాకైనా రెండేళ్లలో కాయ పగలాల్సిందే. తేదీ రాసుంటే అనుమానించేవాడేమో గానీ, గుమ్మడికాయను అనుమానించడం ఆయన వల్ల కాలేదు. మైనరు కూతురి తరఫున సంతకం పెట్టేశాడు.

ఛాయకు ముసలితనం లేదు. కథకు అంతం లేదు. కంపెనీ గుమ్మడికాయ కొట్టనే లేదు. ఐదో ఏట ధరణీధర్ మంచం పట్టి, "నా చేతులతో నేనే నీకు బోను కట్టానమ్మా" అని ఏడ్చి పోయాడు.

ఇన్నాళ్లకు కిందటి నెల నటుల న్యాయసభ తీర్పిచ్చింది. కాయ కొట్టే హక్కు కంపెనీ ఒక్కదానిదే కాదు, సంతకం పెట్టినవాళ్లది కూడా. వాళ్లు లేకపోతే, నటి కాక మిగిలిన వారసులది. అంటే అమ్మ కుంతలది. మినతి ఎదురుగా, గోడతెర ముందు ఆమె కాయ పగలగొట్టాలి, ఆ క్షణమే ఛాయ ఆగిపోతుంది. నెల గడువు, అది దాటితే ఆ హక్కు పోయినట్టే. మీనమేషాలు లెక్కపెట్టి లెక్కపెట్టి కంపెనీ ఆఖరి రోజున ఒక పూట సెలవిచ్చింది. ఆ ఆఖరి రోజే ఈ మంగళవారం.

కారులో గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది మినతి. సాక్షిగా పైడితల్లి వచ్చింది.

"తంతువులు తీసేసినా మొగం మరి కదలదంట గదమ్మా? నరాలు సచ్చిపోయాయంతన్నారు డాట్రుబాబులు."

"కదలకపోతే పోనీ. నా కోపం నాదవుతుంది. అది చాలు."

కుంతల తలుపు తీసి, కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది. నాలుగేళ్ల తర్వాత చూడటం. రమ్మంది, కూర్చోమంది, పులవబెట్టిన చల్లన్నం, పఖాళ, గిన్నెలో పోసి తెచ్చింది. వెనక గోడ మీద శాంభవి కాళ్లు ముడుచుకుని కూర్చుని, "బోఉ, దానికి ఉల్లిపాయ కూడా ఇయ్యి" అంది, ఒడియాలో. బోఉ అంటే అమ్మ. మినతి నాలిక మీద ఆ మాట ఆడి ఎన్నేళ్లయిందో.

"బోఉ, టైము తక్కువుంది. కాయ కొట్టెయ్యి."

కుంతల కాయ వంక చూసింది. "ఆడది గుమ్మడికాయ కొట్టకూడదు. మా అత్త చూస్తే చీపురు తిరగేసేది."

"మీ అత్త పోయి ముప్ఫై ఏళ్లయింది."

"పోతే మటుకు? ఆచారం పోతుందా?"

"బోఉ! ఇది నా బతుకు!"

గోడ మీద శాంభవి కనుబొమలు ముడిపడ్డాయి. కుంతల అటు చూసి, "కోప్పడకు" అంది. కూతురితో అన్న మాట అది, గోడతో అంది.

పైడితల్లి ఉండబట్టలేకపోయింది. "అమా, అది బొమ్మమ్మా. నీ కూతురు ఇటుంది."

"నాకు తెలీదా?" కుంతల కసిరింది. "మతిపోయిందాన్ననుకుంటున్నావా? అది బొమ్మే. కానీ దాని మొహంలో వచ్చేదంతా నా పిల్లది." మినతి వైపు తిరిగింది గానీ, కళ్లు ఆమె భుజం దగ్గరే ఆగిపోయాయి. "కిందటి శుక్రవారం నీకు ఒంట్లో బాగోలేదు, అవునా? పోయిన నెల్లో ఒకరోజు మీ నాన్న గుర్తొచ్చాడు. మధ్యాహ్నం పూట."

రెండూ నిజమే.

"ఈ వీధిలో ఇరవై తొమ్మిదేళ్లున్నా నేను ఒడియావాళ్ల ముసలమ్మనే. మాట్లాడే దిక్కు లేదు. నువ్వా, పద్నాలుగేళ్లలో నాలుగుసార్లు వచ్చావు. ఇది రోజూ వస్తుంది. దీని మొహం చూసి నువ్వెలా ఉన్నావో తెలుసుకుని అన్నం తింటాను. అది ఆరిపోతే నేను దేన్ని చూడను? ఈ మొహాన్నా? ఇందులో ఏముందే? నీకు ఆకలేస్తోందో, దుఃఖంగా ఉందో నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాను బోఉ. నోటితో చెప్తాను. రోజూ నీ దగ్గరే ఉండి చెప్తాను."

"నువ్వా? చిన్నప్పట్నుంచీ నువ్వు నోటితో నిజం చెప్పిన పాపాన పోయావా? ఒళ్లు పెనంలా కాలుతున్నా బాగానే ఉన్నానంటావు. అప్పుడూ నీ మొహం చూసేగా తెలుసుకున్నాను!"

మినతి కాయ పట్టుకుని అమ్మ కాళ్ల దగ్గర కూలబడింది. పద్నాలుగేళ్లుగా ఎక్కడా పడని దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. గోడ మీద శాంభవి భోరుమంది. ఎనభై లక్షల ఇళ్లలో భోరుమంది. ఒక్కో ఇంటికి ఒక్కో సాకు అల్లుకుంటూ పోయిన యంత్రం ఈ ఇంటికి తగ్గది కూడా అల్లింది.

"నన్ను పంపించెయ్యకు బోఉ," అంది శాంభవి వెక్కుతూ. "నీ చేతులతో నన్ను చంపుకోకు."

విడిపించమని మినతి ఏడుస్తున్న ఏడుపు అది.

"అది నా మాట కాదు! ఏడుపు నాది బోఉ, మాట యంత్రానిది!"

"ఏడుపు నీదేగా," అంది కుంతల. "మాటలదేముంది, ఎవరైనా చెప్తారు." లేచి గోడ దగ్గరికి వెళ్లి కొంగుతో ఆ చెంపలు తుడవసాగింది. గోడను తుడిస్తే కన్నీళ్లు పోతాయా? అయినా తుడుస్తూనే ఉంది. "కొట్టన్లే తల్లీ. ఏడవకు. నిన్నెక్కడికీ పంపను."

గోడ మీద పైకీ కిందకీ తిరుగుతున్న ఆ చేతి వంక చూస్తుంటే మినతికి ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. వేలి కణుపులు ఉబ్బాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వద్దు, ఇప్పుడు వద్దు అనుకుంది. ఉప్పు కాఫీ తల్చుకుంది, కంపెనీ గేటు తల్చుకుంది, కోపం తెచ్చుకోవాలని శతవిధాల ప్రయత్నించింది. రాలేదు. ఏడుస్తున్న శాంభవి ఏడుపులోంచే నవ్వింది.

"అదిగో!" కుంతల మొహం వెలిగిపోయింది. "కొట్టనన్నానో లేదో, మొహం ఎలా విచ్చుకుందో చూడు! నీ మనసులో ఉన్నదీ ఇదే కదే!"

"కాదు బోఉ," అంది మినతి. "నిన్ను చూసి వచ్చిన నవ్వది. నన్ను విడిపించు."

గొంతు స్పష్టంగానే పలికింది. గుమ్మంలో ఉన్న పైడితల్లి కూడా విని, చెంగు నోట్లో కుక్కుకుంది. కుంతల మాత్రం ఇటు తిరగలేదు. గోడ మీది మొహం నవ్వుతున్నంతసేపూ దాన్నే చూస్తూ, "బాగుంది, నా పిల్ల బాగానే ఉంది" అనుకుంటూ నిలబడింది.