తోడు సీటు

2069 నాటికి కాకినాడలో అంబులెన్సుకు సైరన్ లేదు. దాని అవసరం తీరిపోయింది. జబ్బు రావడానికి ముప్పావుగంట ముందే బండి వచ్చి ఇంటి ముందు ఆగేది. ఇంట్లోవాళ్లు టెక్నీషియన్‌ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చేవాళ్లు. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. బండెక్కడం దగ్గరే వచ్చేది.

దీనంతటికీ మూలం డాక్టర్ తాళ్ళూరి హైమవతి తయారుచేసిన ‘ముందుకబురు’. రూపాయి బిళ్లంత చర్మపట్టీని, అంటే స్కిన్ ప్యాచ్‌ని, ఛాతీ మీద అతికిస్తారు. అందులోని సూక్ష్మగ్రాహకాలు, అవే మైక్రో సెన్సర్లు, నిమిషానికోసారి రక్తంలోని పదహారు రసాయనాలను కొలుస్తాయి. గుండెకో మెదడుకో వెళ్లే నాళంలో గడ్డ కట్టడం మొదలైతే, మనిషికి తెలియకముందే కేంద్రానికి కబురు చేరుతుంది. డ్రైవర్ లేని బండి ఒక టెక్నీషియన్‌తో బయల్దేరుతుంది. ఏడాదిన్నరలో ఇలా 412 కబుర్లు వచ్చాయి. ఒక్కటీ తప్పు కాలేదు.

కానీ బండెక్కినవాళ్లు 177 మందే. మిగతావాళ్లు “నాకేం, రాయిలా ఉన్నాను” అన్నారు. కొందరు రాహుకాలం వెళ్లాక వస్తామన్నారు. జగన్నాథపురంలో ఒకాయన బండి చుట్టూ తిరిగి టైర్లు చూసి, “పక్కింటాయన తెగ దగ్గుతున్నాడు, ఆయన్ని తీసుకెళ్లండి” అని తలుపు వేసుకున్నాడు. ఇలా ఎక్కనివాళ్లలో ముప్పై ఒక్కమందికి తర్వాత ఆసుపత్రి చేరేంత సమయం మిగల్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ప్రభుత్వ కమిటీ వస్తోంది. జనం ఎక్కని బండ్లు ఎందుకని అడుగుతుంది. జవాబు లేకపోతే పథకం ఆగిపోతుంది. ఏడో నంబరు బండి ఒక్కటే తేడా. అది వెళ్లిన యాభై ఎనిమిది ఇళ్లలోనూ మనుషులు ఎక్కారు. ఆ బండి టెక్నీషియన్ గొల్లపల్లి ఇసాకు. కిటుకేమిటని హైమవతి మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ “ఏదోనండి, మాటలు చెప్పి ఎక్కిస్తానండి” అని జారుకున్నాడు.

ఒంటిగంటా పది నిమిషాలకు ఆమె నివేదిక దిద్దుకుంటూ ఉండగా బల్ల మీది యంత్రం మాట్లాడింది.

“హైమవతి గారూ, మీకు ముందుకబురు. గుండె ఎడమవైపు నాళంలో గడ్డ కడుతోంది. నొప్పికి నలభై ఎనిమిది నిమిషాలు ఉంది.”

ఆమె తల ఎత్తలేదు. “పట్టీ పాతదైపోయింది. తప్పు కబురని రాసుకో.”

“ఇంతవరకూ ఒక్క కబురూ తప్పలేదు. మీ నివేదిక మూడో పేజీలో మీరే రాశారు.”

“రాస్తే రాశాను. పొద్దున్న మెట్లెక్కి వచ్చాను, ఆయాసం కూడా రాలేదు. బండిని రద్దు చెయ్యి.”

ఆమె నాలుగో పేజీకి వెళ్లింది.

పదమూడు నిమిషాల తర్వాత ఇసాకు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మేడమ్ గారండీ, నా పద్ధతి చూపించమన్నారు కదండీ. కింద బండిలో కేసుందండి. చూద్దురుగాని రండి.”

“ఇప్పుడా? మూడింటికి కమిటీ ఉంది.”

“రెండింటికల్లా తెలిసిపోద్దండి. కమిటీకి అదే చెప్పేద్దురుగాని.”

జవాబు దొరికితే చాలనుకుని ఆమె కాగితాలు చంకలో పెట్టుకుని దిగింది.

బండిలో స్ట్రెచర్ ఖాళీగా ఉంది. దాని పక్కనున్న రెండు తోడు సీట్లలో ఒకదాంట్లో డెబ్భై ఏళ్లాయన కూర్చుని ఉన్నాడు. మేడిశెట్టి భీమన్న అని, కాజాల కొట్టాయన అని ఇసాకు పరిచయం చేశాడు. హైమవతి రెండో సీట్లో కూర్చోగానే బండి కదిలింది.

“పేషెంట్ ఎక్కడ?” అని ఆమె ఇసాకు చెవిలో అడిగింది.

“ఈయనేనండి. చెప్పకండి. తోడొస్తున్నాననుకుంటున్నాడు.”

“తోడా?”

“అదేనండి నా పద్ధతి. మనోళ్లు తమ కోసం బండెక్కరండి. ఇంకొకళ్లకి తోడంటే మాత్రం కూరలో గరిటె కూడా తియ్యకుండా వచ్చేస్తారండి. ఆయనతో ఆవిడకి బాలేదంటాను. ఆవిడతో ఆయనకి బాలేదంటాను. ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుంటా ఇద్దరూ ఎక్కేస్తారండి. ఆసుపత్రి కాడ దిగాక చూసుకుంటారు.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“రూలు బుక్కులో లేదు కదండీ. ఉద్యోగం ఊడుద్దని.”

హైమవతి గట్టిగా నవ్వింది. పదహారు రసాయనాలు కొలిచే యంత్రాన్ని తయారుచేసింది. ఈ పదిహేడోది ఆమెకు తట్టలేదు. కాగితం వెనక ‘తోడు’ అని రాసి కింద రెండు గీతలు గీసింది.

ఈలోగా భీమన్న ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూడసాగాడు.

“భయపడకమ్మా, నేనున్నాను కదా. నాలుగు నెల్ల కిందట నాకూ ఇంతే. ‘పాకం దిగాక వస్తానురా’ అన్నాను. ఈ కుర్రోడు మా ఆవిడకి బాలేదన్నాడు. పాకం మాడిపోయింది, నేను బతికిపోయాను.”

పాపం, తన సంగతి తెలియక నాకు ధైర్యం చెబుతున్నాడు అని ఆమె ముచ్చటపడింది. తర్వాత ‘నాలుగు నెలల కిందట’ అన్నమాట దగ్గర ఆగింది. అంటే ఈయన గడ్డ ఎప్పుడో తీసేశారు. గోడ మీది తెర వైపు చూసింది. కేసు వివరాల్లో పేషెంటు పేరు తాళ్ళూరి హైమవతి అని ఉంది. కింద అంకెలు: ఇంకా ఇరవై ఆరు నిమిషాలు.

“ఇసాకూ! నేను రద్దు చేశాను కదా?”

“మీరు చేశారండి. మిషను చెయ్యలేదండి. ఎవరి కబురు వాళ్లే తప్పని కొట్టేస్తే ఒప్పుకోవద్దని మీరే రాశారంట కదండీ.”

“అది పేషెంట్ల కోసం రాసింది!”

“ఆయ్. అందుకేనండి.”

హైమవతికి కోపం వచ్చింది. దాని వెనకే చెమట పట్టింది. ఆ చెమట కోపం వల్ల వచ్చింది కాదని ఆమె చదువు చెప్పింది. కాగితాలు భీమన్న చేతికిచ్చి, తనే లేచి స్ట్రెచర్ మీద పడుకుంది.

“కమిటీ మాట?” అంది, తన చేతికి ఇసాకు సూది ఎక్కిస్తుంటే.

“కమిటీకి మీరు తోడెళ్లక్కర్లేదు లెండి మేడమ్” అన్నాడు ఇసాకు.

ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి బండి ఆసుపత్రి చేరింది. ఒంటిగంటా యాభై ఎనిమిదికి, యంత్రం చెప్పిన నిమిషానికే నొప్పి వచ్చింది. అప్పటికి ఆమె ఆపరేషన్ బల్ల మీద ఉంది. గడ్డ తీసి నాళంలో స్టెంట్ వేశారు. మూడింటికి వచ్చిన కమిటీకి డాక్టర్ దొరకలేదు. దొరకని కారణం విని, అధ్యక్షురాలు పథకాన్ని ఇంకో ఏడాదికి పొడిగించి, తన పట్టీ ఊడిపోయి వారమైందని నెమ్మదిగా ఒప్పుకుంది.

మర్నాడు సాయంత్రం ఇసాకు, భీమన్న చూడటానికి వచ్చారు. హైమవతి మంచం మీద కూర్చుని కొత్త నియమాలు రాస్తోంది. ఇకమీదట కబురు జబ్బు మనిషికి పోదు. దగ్గర్లో ఉన్నవాళ్లకు పోతుంది, ‘మీరు తోడు వెళ్లాలి’ అని. జబ్బు మనిషికి కూడా అదే మాట పోతుంది, ఎదుటివాళ్ల పేరుతో.

“పద్దెనిమిది నెలలు సరైన కబురు తప్పు మనిషికి చెప్పాను” అంది. తర్వాత ఇసాకు వైపు చూసింది. చొక్కా పై గుండీ ఊడి ఉంది. “నీ పట్టీ ఏదయ్యా?”

“నాకెందుకండీ?”

“ఎప్పుడూ అతికించుకోలేదా?”

“నేను పొద్దస్తమానం అంబులెన్సులోనే ఉంటాను కదండీ! నాకేమౌద్ది? రాయిలా ఉన్నాను.”

వచ్చే నెల వేయించుకుంటానన్నాడు. డ్యూటీలు ఒత్తిడిగా ఉన్నాయన్నాడు. వాళ్ల వంశంలో గుండెజబ్బే లేదన్నాడు. హైమవతి వాదించడానికి నోరు తెరిచింది. భీమన్న ఆమెకు వద్దని సైగ చేసి, మోకాళ్ల మీద చేతులేసుకుని కష్టపడుతున్నట్టు లేచాడు.

“ఒరే అబ్బాయ్, నా పట్టీ అంచు లేచిపోయిందిరా. కింద గదిలో కొత్తది వేస్తారంట. ఒక్కణ్ణీ మెట్లు దిగలేను. కాస్త తోడొస్తావా?”

“అయ్యో, ముందే చెప్పొద్దూ బాబాయ్! రండి, రండి” అంటూ ఇసాకు ఆయన భుజం పట్టుకుని, ఆయనకంటే ముందు గుమ్మం దాటాడు.