పదహారు శనివారాల బ్యాటరీ

"డిస్టిల్డ్ వాటర్ ఆరు సీసాలు కావాలి. ఈ రోజే," అన్నాడు ఫోన్లో విన్కో.

యాక్షా చేతిలోని బ్రష్ ఆగిపోయింది. పడవల బ్యాటరీలు బాగుచేసే మేస్త్రీ వేషంలో ఐదేళ్ళుగా ఈ దీవిలో కాపలా ఉంటున్నాడు. హెడ్ ఆఫీసు నుంచి ఆ కోడ్ మాట రావడం ఇదే మొదటిసారి. తనని మర్చిపోయారనే అనుకున్నాడు.

"చెప్పండి సార్."

"పదకొండూ ఇరవైకి మీ రేవులోకి ఓ లాంచి వస్తుంది. లోపల మన సాక్షి ఉన్నాడు. ఆయుధాల ముఠా మొత్తాన్నీ పేర్లతో సహా చెప్పగలడు. ఆ లాంచి మీదికి మనిషి లేకుండా నడిచే పేలుడు పడవ వదిలారు. దానికి దారి చూపే సిగ్నల్ మీ రేవు నుంచే వస్తోంది."

"లాంచిని ఆపెయ్యండి."

"రేడియో కట్టేసి బయల్దేరింది. ఇక నువ్వే దిక్కు. ట్రాన్స్‌మిటర్ ఏ పడవలో ఉందో పట్టుకుని ఆపు. జాగ్రత్త, అందులో మైకు కూడా ఉంది. ఆ పడవ మనిషి మనకి చెప్పేశారని వాళ్ళకి అనుమానం వచ్చిందంటే, ఆ మనిషిని బతకనివ్వరు."

ఫోన్ పెట్టేశాక యాక్షా గోడవారగా చూశాడు. నలభై ఒక్క బ్యాటరీలు వరసగా కూర్చున్నాయి. చలికి పాడవుతాయని, చలికాలం వచ్చిందంటే ఈ దీవిలో ఎవరూ పడవలో బ్యాటరీ ఉంచరు. విప్పి ఇంటికి పట్టుకుపోయి వైన్ పీపాల పక్కన పెట్టుకుంటారు, లేదా యాక్షాకి అప్పగిస్తారు. జనవరిలో రేవు నిండా ప్రాణం లేని పడవలే.

ఒక్కటి తప్ప.

అది ఏదో తెలియడానికి అతనికి గూఢచారి శిక్షణ అవసరం లేదు. పదహారు వారాలుగా ప్రతి శనివారం ఆ పడవకే వెళుతున్నాడు. ఇవాళ కూడా శనివారమే.

డేశా ఒకప్పుడు ఓడల్లో పాటలు పాడేది. యాభై దాటినా మెడలో ఆకుపచ్చ పట్టు స్కార్ఫు లేనిదే బయటికి రాదు. శరత్కాలంలో ఒంటరిగా వచ్చి, పడవలోనే కాపురం పెట్టింది. ఆమె బ్యాటరీ వారం తిరిగేసరికి చచ్చిపోయేది. యాక్షా వెళ్ళి టెర్మినల్స్ మీద తెల్లగా పట్టిన పొడి గీకేవాడు, వాజలీన్ రాసేవాడు, నీళ్ళు పోసేవాడు, చార్జింగ్ పెట్టేవాడు. తర్వాత ఇద్దరూ కాఫీ తాగేవారు.

అన్ని స్విచ్చులూ కట్టేసి ఉన్నా కరెంటు ఎక్కడికో కారిపోతోందని రెండో శనివారమే అతనికి తెలిసిపోయింది. పది నిమిషాలు వెతికితే దొరుకుతుంది. వెతకలేదు. దొరికితే మూడో శనివారం ఉండదు. వారంలో మిగతా ఆరు రోజులూ అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

దక్షిణపు గాలి వీస్తోంది. రేవు ఖాళీగా ఉంది. పడవలోకి దిగేసరికి పదకొండయింది.

"ఆలస్యం చేశారు మేస్త్రీ గారూ! కాఫీ రెండుసార్లు వెచ్చబెట్టాను."

"బ్యాటరీ ఎలా ఉంది?"

"మీరు బాగుచేసినట్టే ఉంది," అంది డేశా. "ఈసారి శుక్రవారం దాటినా బతికే ఉన్నట్టు నటిస్తోంది."

అతను నవ్వలేదు. నెగెటివ్ వైరు విప్పి, మధ్యలో మీటరు తగిలించాడు. అన్నీ కట్టేసి ఉన్నా ముల్లు లేచింది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాడు. ముల్లు దిగలేదు. ఇక మిగిలింది అడుగున చేరే నీళ్ళు తోడే పంపు. ఎవరూ లేనప్పుడు కూడా పడవ మునిగిపోకుండా, దాన్ని ప్రతివాళ్ళూ స్విచ్చుతో పని లేకుండా నేరుగా బ్యాటరీకే కలుపుతారు. దాచాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

పంపు వెనక పలక ఎత్తాడు. ఇటుకంత నల్లటి పెట్టె. దాని మీద చిన్న ఎర్ర దీపం.

దాని వైరు కొయ్యడానికి పటకారు తీసి, తలెత్తి చూశాడు. డేశా కంగారు పడలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. పెదవుల మీద వేలు పెట్టుకుని, కాఫీ ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద రాసింది: 'కోస్తే నన్ను చంపుతారు.'

టైము పదకొండూ పధ్నాలుగు. యాక్షా పటకారు కింద పెట్టాడు. కొయ్యకూడదు. అలాగని వదలకూడదు. సాక్షీ బతకాలి, ఈమె కూడా బతకాలి.

మీటరు మళ్ళీ చూశాడు. పన్నెండు వోల్టులు. పైకి బానే కనిపిస్తోంది, కానీ పదహారుసార్లు అడుగంటిన బ్యాటరీలో సత్తువ ఎంతుంటుంది? అది దానంతట అదే చచ్చిందని మైకులో వినేవాళ్ళు నమ్మాలి. జీవితంలో మొదటిసారి అతను ఒక బ్యాటరీని చంపడానికి పూనుకున్నాడు.

వైరు తిరిగి బిగించి, గొంతు పెంచాడు. "ఓసారి ఇంజను తిప్పండి చూద్దాం!"

ఇంజను అంటుకోకుండా డీజిల్ కట్టేసి సైగ చేశాడు. డేశా తాళం తిప్పి పట్టుకుంది. స్టార్టర్ మూలిగింది. అతను లంగరు లాగే మోటారు వేశాడు, పెద్ద లైటు వేశాడు. పది వోల్టులు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"ఏంటి మేస్త్రీ, తెగ మూలుగుతోంది?"

"ముసలిదైపోయింది!"

"ఎవరిని అంటున్నారు?" అంది డేశా. గొంతు కొంటెగానే ఉంది, కళ్ళు మాత్రం ఎర్ర దీపం మీదే ఉన్నాయి.

కిటికీలోంచి లాంచి కనిపించింది. దాని వెనక, అలల్లో తల ఎత్తకుండా బూడిదరంగు పడవ దూసుకొస్తోంది. స్టార్టర్ కాలుతున్న వాసన. తాళం వదిలితే వోల్టేజి మళ్ళీ లేస్తుంది. తొమ్మిదిన్నర. తొమ్మిది.

"అయ్యో డేశా గారూ, మళ్ళీ చచ్చింది మీ బ్యాటరీ!" అని అరిచాడు.

"మీ చేతుల్లో పడ్డాక ఏది బతికింది!" అని ఆమె కూడా అరిచింది.

ఎర్ర దీపం ఆరిపోయింది.

బూడిదరంగు పడవ ఒక్క క్షణం తడబడింది. లాంచికి ఇరవై గజాల దూరంలో పక్కకి తిరిగి, అలలకి అడ్డంగా కట్టిన రాళ్ళగట్టుకి కొట్టుకుని పేలింది. కప్పులు కిందపడి పగిలాయి. లాంచి రేవులోకి జారింది.

పెట్టె మళ్ళీ లేవకుండా యాక్షా బ్యాటరీ వైరు విప్పేశాక గానీ డేశా తాళం వదల్లేదు.

"ఒకప్పుడు వాళ్ళ ఉత్తరాలు మోసేదాన్ని. మానేస్తానంటే ఈ పెట్టె పెట్టి, నన్నిక్కడ కూర్చోబెట్టారు. బ్యాటరీ పోతే మేస్త్రీని పిలవమన్నారు. మీకు దొరుకుతుందనీ, పోలీసుల దగ్గరికి పరిగెడతారనీ ఆశపడ్డాను. మీరేమో చూసి కూడా చూడనట్టు పోయేవారు."

"ఒక్క మాట రాసి చూపిస్తే..."

"ఎలా చూపిస్తాను? మీరూ వాళ్ళ మనిషే అనుకున్నాను! నిజమైన మేస్త్రీ ఎవడైనా అంత చెడ్డగా పనిచేస్తాడా?"

యాక్షా పగిలిన కప్పు ముక్కలు ఏరసాగాడు. పదహారు శనివారాలు అతను ప్రేమనుకున్నది, ఆమెకి కాపలాలా కనిపించింది.

"కాఫీ కోసం వచ్చేవాణ్ణి," అన్నాడు చివరికి.

"ముందే చెప్పుంటే ఇంకాస్త మంచి కాఫీ పెట్టేదాన్ని కదా," అంది డేశా మెల్లగా.

మధ్యాహ్నం అదే లాంచిలో ఆమెని తీసుకుపోయారు. కొత్త పేరు, కొత్త ఊరు. ఏ ఊరని అడిగితే విన్కో చెప్పలేదు. ముఠా మాత్రం ముసలి బ్యాటరీనే తిట్టుకుంటోందట.

"శత్రువు ట్రాన్స్‌మిటర్‌కి నాలుగు నెలలు చార్జింగ్ పెట్టిన ఏజెంటువి నువ్వొక్కడివే," అన్నాడు విన్కో. "రిపోర్టు పంపు. ఆలస్యానికి కారణం అని ఓ గడి ఉంటుంది, ఖాళీగా వదలకు."

యాక్షా దాని ముందు సాయంత్రం దాకా కూర్చుని, ఒక్క వాక్యం రాశాడు.

'బ్యాటరీలో లోపమేమీ లేదు, మేస్త్రీలో ఉంది.'