ముల్లు చెప్పేదాకా

పొద్దున్నే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గదిలో పెత్తనం భర్తది. పెద్ద హోటల్లో వంటమాస్టరుగా పనిచేసి వచ్చిన మనిషి. ఇంట్లోనూ గరిటె వదల్లేదు. "నీ చేతికి సూదే అందం" అనేవాడు.

పోయిన వారం ఆయన ఓవెన్‌లో పెట్టిన కోడి ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోయింది. ఇంటిల్లిపాదీ వాంతులతో మంచం పట్టారు. తప్పు దుకాణం వాడిదన్నాడాయన. కొడుకు మాత్రం ఓవెన్ ప్లగ్గు పీకేసి, బయటి నుంచి క్యారియర్ భోజనం కుదిర్చాడు.

ఆ ప్లగ్గునే ఇవాళ ఆవిడ మళ్ళీ పెట్టింది.

"కోడిని కడగలేదేం?" స్టూలు మీంచి గద్దించాడు భర్త.

"కడిగితే ఆ నీళ్ళు చింది గిన్నెలన్నిటికీ అంటుకుంటాయట. కాగితంతో అద్దాను. నా చేతులు సబ్బుతో కడుక్కున్నాను. చాలా?"

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది!"

ఆ మాటలకి కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, మళ్ళీ కోడేనా? ఒకసారి పడింది చాలదా? నీకసలు వంటే రాదు."

"రాదు. అందుకే నేర్చుకుంటున్నాను. నువ్వు పుట్టుకతోనే కారు నడిపావా? ఆ క్యారియర్ మానిపించెయ్."

కొడుకు విసుక్కుంటూ హాల్లోకి పోయాడు.

కాసేపటికి ఓవెన్‌లో కోడి పైన బంగారు రంగు తేలింది. ఆవిడ మందపాటి గుడ్డతో పళ్ళెం బయటికి లాగి, ఆ గుడ్డని పాలు కాగుతున్న పొయ్యి పక్కన పడేసింది.

"అయిపోయింది, వాసన వచ్చేసింది" అన్నాడాయన. "నా ముక్కు ఎన్నడూ తప్పలేదు."

ఆవిడ తొడలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా మాంసం వేడి కొలిచే థర్మామీటరు గుచ్చింది. "అరవై దగ్గరుంది ముల్లు. డెబ్భై నాలుగు డిగ్రీలు దాటాలి." మళ్ళీ లోపలికి తోసి తలుపు మూసింది.

"నా ముక్కు కంటే ఆ ముల్లు ఎక్కువా?"

"కంటితో కొలిచి కత్తిరించిన చొక్కా మీరు తొడుక్కుంటారా? టేపు పెట్టందే నేను కత్తెర పట్టను. ఇదీ అంతే."

"అమ్మా, ఏదో మాడుతోంది!" హాల్లోంచి కొడుకు కేక.

ఆవిడ చటుక్కున తిరిగింది. పొయ్యి పక్కన గుడ్డ అంచు ఎర్రగా రాజుకుంటోంది, సరిగ్గా ఆయన మోచేతి వెనకే. ఆయన మాత్రం నిశ్చింతగా ఓవెన్ వైపే చూస్తున్నాడు. ఆవిడ గుడ్డ లాగి తొట్లో పడేసి కుళాయి తిప్పింది.

"పక్కనే ఉన్నారు కదండీ. మీకు... వాసన రాలేదా?"

ఆయన తల దించుకున్నాడు.

"పోయిన నెల నాకొచ్చిన జ్వరం తగ్గినప్పటి నుంచి ఏ వాసనా తెలియడం లేదు. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండుతాయి, అంతే."

పోయిన వారం కోడి ఎందుకు పచ్చిగా ఉండిపోయిందో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ కొడుక్కీ అర్థమైంది. "చెప్పొచ్చు కదా నాన్నా."

"ఏం చెప్పనురా? వాసన తెలియని వంటవాణ్ణి ఏ వంటింట్లో ఉండనిస్తారు?"

"ఈ వంటింట్లో" అంది ఆవిడ. "నేను ఉండనిస్తాను. ఎవరు కాదంటారో చూస్తాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి ఉల్లిపాయల వల్ల కాదు.

ముల్లు డెబ్భై నాలుగు దాటాక కోడి బయటికొచ్చింది. ఆయన అలవాటుగా కత్తి అందుకోబోయాడు.

"ఆగండి, కాస్త సేపు అలా ఉండనివ్వాలి. తర్వాత కోసేది మీరే. ఉప్పు మీరు చూడండి, వాసన నేను చూస్తాను. ఉడికిందో లేదో మాత్రం ముల్లు చెప్పాలి."

"సరే మాస్టారూ" అన్నాడాయన, కత్తి కింద పెట్టి.

హాల్లో కొడుకు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: "రేపటి నుంచి క్యారియర్ వద్దండీ. మా ఇంట్లో వండుతున్నారు."